అలసిన ఎముక

కొద్దికాలం క్రిందట మా కార్యాలయానికి ఒక తల్లి ఉత్తరం వ్రాసినది. ఆమె కుమార్తెకు పదిహేడేండ్లు. పాఠశాలలో చదివే రోజులనుండి పరుగుపందెములలో బహుమతులు తెచ్చుకొంటున్న పిల్ల. పోటీలు దగ్గరపడుతున్నవని నెలరోజులుగా సాధన రెట్టింపు చేసినది. అంతలో మోకాలికీ చీలమండకూ నడుమ ఎముకమీద ఒకేచోట నొప్పి ప్రారంభమైనది. నేర్పేవారు “ఎముక గట్టిపడుతున్నది, పరుగెత్తితే అదే పోతుంది” అన్నారట. పిల్ల పరుగెత్తినది. నొప్పి పోలేదు సరికదా, పడకమీద కూడ బాధింపసాగినది. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ కనుపించలేదు. మూడు వారాల తరువాత మళ్ళీ తీయిస్తే వెంట్రుకవంటి గీత ఒకటి కనుపించినది. పడలేదు, దెబ్బ తగలలేదు. ఎముక మాత్రం నెర్రె విచ్చినది. బంధువులు వచ్చి, “ఆడపిల్ల ఎముక ఎంత, దాని బలం ఎంత? ఇకనైనా మాన్పించండి” అని హితం చెప్పి వెళ్ళినారు. తల్లి మమ్ములను అడిగిన ప్రశ్న ఒక్కటే: “మా పిల్ల ఎముకలు నిజంగా బలహీనమా? పరుగే తప్పా?”

మేము వైద్యులము కాము. ఆ పిల్లను పరీక్షించి చెప్పవలసిన మాట వైద్యుడే చెప్పవలె. అయితే ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. అది నూటయాభై సంవత్సరములకు పైబడిన చరిత్ర. అందులో సైనికులున్నారు, ఇంజనీర్లున్నారు, పందెగత్తెలున్నారు. స్త్రీ శరీరాన్ని గురించి తొందరపడి తీర్పుచెప్పి, తరువాత ఆ తీర్పు దిద్దుకొనవలసి వచ్చిన పెద్దలూ ఉన్నారు. ఆ కథ తెలిసినచో సమాధానం సగం దొరికినట్లే. కావున దానిని మొదటినుండి చెప్పదలచినాము.

ఇనుప తీగను ఒక్కసారి వంచితే విరగదు. అక్కడనే పదిసార్లు, ఇరువదిసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది. చివరిసారి వంచినప్పుడు మనం ఉపయోగించిన బలం మొదటిసారికంటె ఎక్కువేమీ కాదు, తీగయే అలసినది. లోహములకు గల ఈ అలసట పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగంలో ఇంజనీర్లను నిద్రపోనీయలేదు. 1842లో పారిస్ నగర సమీపమున మ్యూడాన్ వద్ద రైలుబండి ఇరుసు విరిగి ఘోరప్రమాదం సంభవించినది. ఎన్నో వేల మైళ్ళు తిరిగిన ఇరుసు ఒకనాడు ఏ కారణమూ లేకుండ ఎందుకు విరగవలె? ప్రష్యా దేశపు రైల్వేలలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు ఆ తరువాతి సంవత్సరములలో ఇరుసులను యంత్రములకు తగిలించి లక్షలాది పర్యాయములు త్రిప్పి, చిన్న బరువైనా తెంపులేకుండ పడుతూ ఉంటే లోహం లోలోపల బీటవారునని నిరూపించినాడు.

చిత్రమేమనగా, ఆ ప్రష్యా దేశంలోనే, ఆ కాలంలోనే, ఒక సైనిక వైద్యుడు మనుష్యుల పాదాలలో ఇదే సంగతిని చూచినాడు. ఆయన పేరు బ్రైట్‌హౌప్ట్. 1855లో ఆయన, కవాతు చేసి వచ్చిన సిపాయిల పాదములు వాచి, అడుగు మోపలేనంతగా నొప్పిపెట్టుటను వర్ణించి వ్రాసినాడు. తుపాకిగుండు తగలలేదు, గుర్రం తొక్కలేదు, నడచినారు, అంతే. ఎముక లోపల ఏమి జరిగినదో ఆయనకు కనుపించే అవకాశం లేదు. దానిని ఒకవిధమైన వాపుగానే భావించినాడు. సేనలో పై అధికారులకు ఇట్టి సిపాయి పనిదొంగవలె కనుపించుటలో ఆశ్చర్యం లేదు. గాయం కనుపించని నొప్పిని లోకం తొందరగా నమ్మదు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము. ఈ కథలో అది మళ్ళీ మళ్ళీ వచ్చును.

1895 నవంబరులో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొన్నాడు. రెండేండ్లు తిరుగకముందే, 1897లో, స్టెఖో అనే మరొక జర్మన్ సైనిక వైద్యుడు వాచిన పాదములను ఈ కిరణములతో చూచి అసలు రహస్యం బయటపెట్టినాడు. కాలివ్రేళ్ళకూ చీలమండకూ నడుమనున్న పొడుగాటి ఎముకలలో సన్నని విరుపు ఉన్నది. బ్రైట్‌హౌప్ట్ చూచిన వాపు ఎముక మూల్గు. అప్పటినుండి దానికి కవాతు విరుపు అని పేరు వచ్చినది. తరువాత ఇది పాదములకే పరిమితం కాదని, పిక్కల ఎముకలలో, తొడ ఎముకలో, కటివలయంలో కూడ కలుగునని తెలిసినది. నేడు వైద్యులు దీనిని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నారు. వానలేక ఎండిన చెరువు నేల నెర్రెలు విచ్చుటను చూచిన మనం దానిని ఎముక నెర్రె అందాం.

అయితే ఇరుసుకూ ఎముకకూ ఒక గొప్ప భేదం ఉన్నది. ఇరుసు జడపదార్థం. ఎముక జీవపదార్థం. బెర్లిన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథంలో, ఎముక తనపై పడే బరువును అనుసరించి తన్ను తాను మలచుకొనునని ప్రతిపాదించినాడు. శ్రమచేసే ఎముక బలియును, సోమరి ఎముక చిక్కిపోవును. ఈ మలచుకొనుట ఎట్లు జరుగునో తరువాతి శాస్త్రజ్ఞులు వివరించినారు. మన ఎముకలలో రెండు రకముల కణములు నిత్యం పనిచేస్తుంటవి. ఒక రకం పాతబడిన, దెబ్బతిన్న భాగాన్ని త్రవ్విపారవేయును. రెండవ రకం ఆ గుంతలో క్రొత్త ఎముకను పేర్చును. ఇల్లు మరమ్మతు చేయించిన గృహస్థులకు ఇది చెప్పనక్కరలేదు: పాతగోడ పడగొట్టుటకు ఒక్కపూట చాలును, క్రొత్తగోడ లేచుటకు నెలలు పట్టును. ఎముకలోనూ అంతే. త్రవ్వకం సుమారు మూడు వారములలో ముగియును. నిర్మాణం పూర్తి అగుటకు సుమారు మూడు నెలలు కావలె.

కాబట్టి హఠాత్తుగా శ్రమ పెంచినవాని ఎముక మూడు నాలుగు వారాల నాటికి ముందుకంటె బలహీనంగా ఉండును. గోడ పడగొట్టబడినది, ఇంకా లేవలేదు. ఆ సమయంలో విశ్రాంతి ఇచ్చినచో మేస్త్రీ పని పూర్తిచేయును. ఎముక మునుపటికంటె గట్టిదగును. విశ్రాంతి ఇవ్వక అదే చోట అదే బరువు వేసినచో గుంతలు కలిసి నెర్రె అగును. “ఎముక గట్టిపడుతున్నది, పరుగెత్తు” అన్నవారి మాటలో సగం నిజం ఉన్నది. ఎముక గట్టిపడే మాట వాస్తవమే. అది గట్టిపడేది మాత్రం విశ్రాంతి సమయంలో.

ఇరువదవ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఈ వ్యాధి సైనికశిబిరాన్ని దాటి క్రీడారంగంలో ప్రవేశించినది. ఇంగ్లండులో మైకేల్ డేవాస్ అనే శస్త్రవైద్యుడు 1956లో స్వీట్నమ్ అనే సహచరునితో కలిసి పిక్కలోని సన్నని ఎముకలో నెర్రెలుపడిన యాభైమంది క్రీడాకారుల సంగతి ప్రకటించినాడు. 1958లో, పరుగెత్తేవారు పిక్కనొప్పి అని తేలికగా చెప్పుకొనే బాధలో కొంత భాగం నిజానికి పెద్ద ఎముకలోని నెర్రెయేనని వ్రాసినాడు. ఆనాటి వైద్యగ్రంథములలో ఈ వ్యాధి ప్రధానంగా పురుషులదే. స్త్రీల ఎముకలు దృఢమైనవని కాదు. స్త్రీలను దూరపు పరుగులు పరుగెత్తనీయలేదు.

దీనికి వెనుక ఒక కథ ఉన్నది. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మొట్టమొదటిసారిగా 800 మీటర్ల పరుగు ఏర్పాటుచేసినారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషముల 16.8 సెకండ్లలో గెలిచినది. జపాను వనిత కినుయే హితోమి రెండవదిగా వచ్చినది. తుదిపందెంలో పరుగెత్తినవారు తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ గీత దాటినారు. పందెం ముగిసిన తరువాత అలసి ఒకరిద్దరు నేలపై వాలినారు. పురుషుల పందెములలో నిత్యం జరిగేదే ఇది. కాని అనేక పత్రికలు మరునాడు స్త్రీలు మైదానమంతటా మూర్ఛపోయి పడిపోయినట్లు వ్రాసినవి. ఆ వ్రాతలు పెద్దల భయములకు బలం చేకూర్చినవి. స్త్రీల 800 మీటర్ల పరుగును ఒలింపిక్ క్రీడలనుండి తొలగించినారు. అది తిరిగివచ్చుటకు 32 సంవత్సరములు పట్టినది. 1960లో రోములో సోవియట్ దేశపు ల్యుద్మీలా షెవ్త్సోవా ఆ పందెం గెలిచినది. ఈ నడుమ ఒక తరమంతా గడచిపోయినది.

1966లో అమెరికాలో రొబెర్టా గిబ్ అనే యువతి బోస్టన్ మారథాన్‌లో పాల్గొనుటకు దరఖాస్తు పెట్టగా, స్త్రీ శరీరం 26 మైళ్ళు పరుగెత్తజాలదని నిర్వాహకులు జవాబిచ్చినారు. ఆమె ప్రారంభస్థానం దగ్గర పొదలో దాగియుండి, గుంపు కదలగానే వారిలో కలిసి పరుగు పూర్తిచేసినది. ఆ పందెం ద్వారములు స్త్రీలకు అధికారికంగా 1972లో తెరచుకొన్నవి. ఆ సంవత్సరమే అమెరికాలో ప్రభుత్వసహాయం పొందే విద్యాలయములలో స్త్రీపురుష వివక్షను నిషేధిస్తూ ఒక శాసనం వచ్చినది. ఆ శాసనం నీడలో లక్షలాది బాలికలు ఆటస్థలములకు వచ్చినారు. వారితోపాటు వారి ఎముకలూ వైద్యుల దృష్టికి వచ్చినవి.

1976లో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం తన చరిత్రలో మొదటిసారిగా 119 మంది స్త్రీలను చేర్చుకొన్నది. తొలి వేసవి శిక్షణలోనే ఒక సంగతి బయటపడినది. మరుసటి సంవత్సరం ప్రోట్జ్‌మన్, గ్రిఫిస్ అనే వైద్యులు ప్రకటించిన లెక్క ప్రకారం పురుషులలో నూటికి ఒకరికి ఎముక నెర్రె ఏర్పడగా, స్త్రీలలో నూటికి సుమారు పదిమందికి ఏర్పడినది. పదిరెట్లు! 1928 నాటి పత్రికలు నిజమే చెప్పినవి అనుకొనుటకు ఇంతకంటె ఏమి కావలె?

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించవలె. అంకె అబద్ధం కాదు. స్త్రీలకు ఈ ప్రమాదం ఎక్కువ అన్నమాట తరువాతి పరిశీలనలలో కూడ తేలినది. పదిరెట్లు అన్నిచోట్లా లేకపోయినను, హెచ్చుదల మాత్రం నిజం. సగటున స్త్రీల ఎముకలు సన్ననివి. వాటికి దన్నుగా నిలిచే కండరములు తక్కువ. అయితే ఆ స్త్రీలు శిక్షణలో ప్రవేశించుటకు ముందు ఎట్టి జీవితం గడిపినారు? చిన్ననాటినుండి బంతి వెంట పరుగెత్తిన బాలుర ప్రక్కన, ఆటస్థలం ఎరుగని బాలికలను నిలబెట్టి ఇద్దరిచేతా ఒకే కవాతు చేయించినారు. పునాది లేనిచోట ఒకేసారి మేడ కట్టినారు. కూలిన నేరం ఇటుకది మాత్రమేనా?

ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియా సైన్యం చక్కని సమాధానం ఇచ్చినది. అక్కడ క్రొత్తగా చేరిన స్త్రీలలో కటివలయపు ఎముకలు నెర్రెవిచ్చుట విపరీతంగా ఉన్నది. నూటికి పదకొండుమందికి అది సంభవించినది. కారణం వెదుకగా, పొట్టివారైన స్త్రీలు పురుషుల వరుసలో వారి అంగతో సమానంగా అడుగు వేయవలసివచ్చుట అనుమానాస్పదంగా కనుపించినది. అంగ చాచిన ప్రతిసారీ కటి ఎముక లాగబడును. అధికారులు కవాతు వేగాన్ని గంటకు ఏడున్నర కిలోమీటర్లనుండి ఐదు కిలోమీటర్లకు తగ్గించినారు. ఎవరి అంగ వారు వేయవచ్చునన్నారు. వరుసలను ఎడం చేసినారు. మెత్తని నేలమీద పరుగెత్తించినారు. నూటికి పదకొండుమంది ఉన్నచోట నూటికి ఒక్కరు కూడ లేకుండపోయినారు. 1999లో ప్రకటించిన ఈ ఫలితం చూచినప్పుడు మాకు తోచిన మాట ఒక్కటే: ఆ స్త్రీల ఎముకలు మారలేదు. మారినది కొలత.

ఇంతవరకు బరువును గురించి చెప్పినాము. కథలో రెండవ భాగం అన్నమును గురించినది. ఇంటి పెద్దలు ఈ భాగం శ్రద్ధగా వినవలెనని మా మనవి.

1984వ సంవత్సరం స్త్రీల పరుగు చరిత్రలో మరపురానిది. ఆగస్టు 5వ తేదీన లాస్ ఏంజలీసులో మొట్టమొదటి ఒలింపిక్ స్త్రీల మారథాన్ జరిగినది. అమెరికా యువతి జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషముల 52 సెకండ్లలో దానిని గెలిచినది. స్త్రీ శరీరం అంతదూరం పరుగెత్తజాలదన్న మాట ఆ పగటితో పోయినది. ఆ సంవత్సరమే బార్బరా డ్రింక్‌వాటర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక చిన్న పరిశోధన ప్రకటించినారు. నెలసరి నిలిచిపోయిన క్రీడాకారిణులు 14 మందిని, క్రమం తప్పని క్రీడాకారిణులు 14 మందిని తీసికొని వారి ఎముకల సాంద్రత కొలిచినారు. మొదటి వర్గంవారి వెన్నెముకలు చాల పలుచబడి ఉన్నవి. వారి సగటు వయస్సు సుమారు 25 ఏండ్లు. వారి వెన్నెముక సాంద్రత మాత్రం 51 ఏండ్ల స్త్రీలకు ఉండవలసినంత! పరుగెత్తే పాతికేండ్ల పిల్ల దేహంలో యాభైయేండ్లు దాటినవారి వెన్నెముక!

ఎముకను త్రవ్వే కణములను అదుపులో ఉంచేది ఈస్ట్రోజన్ అనే హార్మోను. నెలసరి నిలిచిపోయినదనగా ఆ హార్మోను తగ్గినదని అర్థం. అదుపు తప్పిన కూలీలు త్రవ్వుతూనే ఉందురు. పేర్చే మేస్త్రీలు వెనుకబడుదురు. అంతకుముందు చాలమంది, క్రీడాకారిణికి నెలసరి ఆగుట సాధన బాగుగా సాగుతున్నదనుటకు గుర్తు అనుకొనేవారు. కొందరు పిల్లలు అది ఒక సదుపాయం అనుకొనేవారు. డ్రింక్‌వాటర్ బృందం 1986లో మళ్ళీ కొలిచి, నెలసరి తిరిగివచ్చినవారిలో ఎముక కొంత కోలుకొన్నదని తెలిపినది. కాని పోయినదంతా తిరిగివచ్చునన్న భరోసా లేదని తరువాతి అనుభవం నేర్పినది. ఎముక బొక్కసంలో అధికభాగం ఇరువదేండ్లలోపుననే నిండును. ఆ వయస్సులో పోగొట్టుకొన్నదానికి తరువాత వడ్డీ కట్టవలసివచ్చును. 1990లో కాథరిన్ మైబర్గ్ బృందం నెర్రెలుపడిన క్రీడాకారులు 25 మందిని, నెర్రెలు లేనివారు 25 మందిని పోల్చి, నెర్రెలుపడినవారి ఎముకలు తక్కువ సాంద్రత కలవని, వారి ఆహారంలో కాల్షియం తక్కువని చూపినది.

మరి నెలసరి ఎందుకు ఆగుతున్నది? వ్యాయామమే విషమా? పందెపు ఆందోళనయా? దేహంలో కొవ్వు తగ్గుటయా? ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పినారు. అమెరికాలో ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కును ఓపికతో విప్పినది. వ్యాయామానికి ఖర్చయినది పోగా దేహం తన సొంత పనులకు ఉపయోగించుకొనుటకు ఎంత మిగిలినది? ఆమె అడిగిన ప్రశ్న ఇది. 2003లో ఆమె, తుమాతో కలిసి, 29 మంది ఆరోగ్యవంతులైన యువతులకు ఐదురోజులపాటు కొలిచి అన్నంపెట్టి, కొలిచి వ్యాయామం చేయించినది. కొవ్వు మినహా దేహపు బరువులో కిలో ఒక్కింటికి రోజుకు 45 కాలరీలు మిగిలినప్పుడు అంతా సవ్యంగా ఉన్నది. 30కి దిగువకు పోగానే నెలసరిని నడిపే హార్మోనుల లయ తప్పినది. ఐదే రోజులలో! ఈ 30 అనేది అందరికీ ఒకేవిధంగా గీచిన లక్ష్మణరేఖ కాదని తరువాత తేలినది. మనిషి మనిషికీ కొంత భేదం ఉన్నది. కాని మూలసూత్రం నిలిచినది. అపరాధి పరుగు కాదు. పరుగుకు తగిన అన్నం లేకపోవుట.

లెక్క వేసి చూద్దాం. యాభై కిలోల పిల్ల. కొవ్వు మినహాయిస్తే నలభై కిలోలనుకొందాం. రోజూ సాధనలో 600 కాలరీలు ఖర్చుచేస్తున్నది. ఆమె మామూలు పిల్లవలెనే 1,800 కాలరీలు తిన్నదనుకొంటే, మిగిలేది 1,200. నలభైతో భాగిస్తే కిలోకు 30. అనగా సరిగా ప్రమాదపు గట్టుమీద నిలిచినది. ఆమె పస్తు లేదు, మూడుపూటలా తింటున్నది, ప్రక్కింటి పిల్లతో సమానంగానే తింటున్నది. ఐనను దేహం లోపల కరవే. ఆమెకు 2,400 కావలె. ఆ 600 తేడాయే ఎముకకూ నెర్రెకూ నడుమ ఉన్న గోడ. ఇక “సన్నబడితే ఇంకా వేగంగా పరుగెత్తవచ్చు” అని ఎవరైనా చెప్పి, పిల్ల రాత్రిభోజనం కూడ మానినదంటే చెప్పవలసినదేమున్నది?

1992లో అమెరికా క్రీడావైద్యుల కళాశాల పిలిచిన సమావేశంలో ఈ మూడింటిని, అనగా తిండిలోని లోపం, నెలసరి ఆగుట, ఎముక పలుచబడుట, ఒకే గొలుసులోని మూడు కడియములుగా గుర్తించి క్రీడాకారిణుల త్రయం అని పేరుపెట్టినారు. ఆ సంస్థ 1997లో దీనిపై తన అభిప్రాయపత్రం ప్రకటించి, 2007లో దానిని సవరించినది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం మరొక అడుగు ముందుకు వేసి, చాలినంత శక్తి అందకపోవుట ఎముకనేగాక గుండెను, రోగనిరోధకశక్తిని, మనస్సును కూడ దెబ్బతీయునని, పురుషులకు కూడ ఇది వర్తించునని ప్రకటించినది. చూడండి, స్త్రీ బలహీనత అని మొదలైన మాట మనిషి ఆకలి అనే మాటతో ముగిసినది!

ఐతే తెలిసినంతమాత్రాన ఆచరణలోకి వచ్చునా? 2019లో మేరీ కేన్ అనే అమెరికా పరుగుపందెగత్తె తన కథను బహిరంగంగా చెప్పినది. 2013లో, పదిహేడేండ్ల ప్రాయంలో, ప్రపంచ పోటీల 1500 మీటర్ల తుదిపందెంలో పరుగెత్తిన ప్రతిభావంతురాలామె. ఇంకా సన్నబడవలెనన్న ఒత్తిడికి లోనై మూడేండ్లు తనకు నెలసరి లేదని, ఐదు ఎముకలు విరిగినవని ఆమె చెప్పినది. డ్రింక్‌వాటర్ పరిశోధనకు అప్పటికి 35 ఏండ్లు నిండినవి.

అన్ని నెర్రెలూ ఆకలివల్లనే కలుగునని మాత్రం అనుకొనరాదు. చక్కగా తినే క్రీడాకారిణికి కూడ విశ్రాంతి చాలని శ్రమవల్ల అది రావచ్చును. మారథాన్‌లో ఆనాడు ప్రపంచ రికార్డు కలిగిన బ్రిటన్ వనిత పాలా రాడ్‌క్లిఫ్ 2008లో తొడ ఎముక నెర్రెనుండి కోలుకొని, సాధనకు తగిన వ్యవధి లేకుండగనే బీజింగ్ ఒలింపిక్స్‌లో పరుగెత్తి 23వ స్థానంతో కన్నీరుపెట్టినది. మన తెలుగింటి ఆడపడుచు, హైదరాబాదు బిడ్డ పి.వి. సింధు సంగతి శ్రోతలకు తెలిసినదే. 2022 ఆగస్టు 8వ తేదీన బర్మింగ్‌హాం కామన్వెల్త్ క్రీడలలో ఆమె బ్యాడ్మింటన్ స్వర్ణపతకం గెలిచినది. ఎడమకాలి నొప్పితోనే ఆడినది. తిరిగివచ్చి పరీక్ష చేయించుకొనగా అది ఎముక నెర్రె అని తేలినది. ఆ నెలలోనే టోకియోలో జరుగవలసిన ప్రపంచ పోటీలనుండి ఆమె విరమించుకొన్నది. పతకం గెలిచిన ధైర్యాన్ని మనమందరం మెచ్చుకొన్నాము. పోటీని వదులుకొన్న వివేకాన్ని కూడ అంతగానూ మెచ్చుకొనవలెనని మా అభిప్రాయం. ఆగి, ఎముకకు కావలసిన నెలలు ఇచ్చి, 2023 ఆరంభంలో ఆమె మళ్ళీ బరిలో దిగినది.

ఇప్పుడు ఉత్తరం వ్రాసిన తల్లికీ, ఆమెవంటి తల్లిదండ్రులకూ మేము చెప్పగలిగినది చెప్పుతాము.

అమ్మా, మొదట మీ పిల్ల మాట నమ్మండి. ఒకేచోట, వ్రేలితో చూపగలిగినంత చోట, నొక్కితే నొప్పి ఉన్నదంటే, పరుగుతో హెచ్చి విశ్రాంతితో తగ్గుతున్నదంటే, అది పనిదొంగతనం కాదు. మొదటి రెండు మూడు వారములలో ఎక్స్‌రేలో ఏమీ కనుపించకపోవుట సహజం. ఎముక మానుటకు ప్రారంభించిన తరువాతనే గీత బయటపడును. ఎం.ఆర్.ఐ. పరీక్ష ముందుగానే పట్టగలదు. కనుపించలేదు కాబట్టి లేదు అనుకొన్నవారే ప్రష్యా సిపాయినీ కవాతు చేయించినారు.

రెండవది, విశ్రాంతి శిక్ష కాదు, చికిత్స. సాధారణపు నెర్రె ఆరునుండి ఎనిమిది వారములలో మానును. తొడ ఎముక మెడవద్ద, పిక్కఎముక ముందుభాగంలో, పాదంలోని పడవ ఎముకలో వచ్చినవి మొండివి. వాటిని ఉపేక్షిస్తే పూర్తిగా విరిగి శస్త్రచికిత్స వరకు పోవచ్చును. కావున ఏ ఎముక, ఏ భాగం అన్నది వైద్యుని అడిగి తెలిసికొనండి. తిరిగి ప్రారంభించినప్పుడు మెల్లగా, వారం వారం కొద్దికొద్దిగా పెంచవలె.

మూడవది, కంచంవంక చూడండి. మన ఇండ్లలో మగపిల్లలకు వడ్డించిన తరువాత మిగిలినది తినే ఆచారం ఇంకా పూర్తిగా పోలేదు. పరుగెత్తే ఆడపిల్లకు అన్నం, పప్పు, పాలు, పెరుగు, తినేవారైతే గ్రుడ్డు, చేప నిండుగా పెట్టండి. రాగులలో కాల్షియం దండిగా ఉన్నది. అది మన పొలాలలో పండేదే. అమెరికా నౌకాదళంలో క్రొత్తగా చేరిన 5,201 మంది స్త్రీలపై జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనలో, కాల్షియం, విటమిన్ డి ఇచ్చినవారిలో ఎముక నెర్రెలు నూటికి ఇరువది వంతులు తగ్గినవి. ఐతే మాత్రలు వైద్యుడు చెప్పిన మీదటనే వాడవలె. అవి అన్నానికి బదులు కావు.

నాలుగవది, సిగ్గుపడక అడగవలసిన మాట: నెలసరి సక్రమంగా వస్తున్నదా? మూడునెలలు వరుసగా రాకపోయినా, పదిహేనేండ్లు నిండినను మొదలే కాకపోయినా వైద్యురాలికి చూపించండి. తల్లి అడుగక, పిల్ల చెప్పక, నేర్పేవారికి తట్టక గడచిన నెలలలోనే ఎముక కరగును. రేడియోలో ఇట్టి మాటలేమిటని ఎవరైనా అనుకొందురేమో! మౌనం ఖరీదు ఎముకతో చెల్లించేది పిల్ల అయినప్పుడు మాటలాడుట మా విధి అనుకొన్నాము.

ఇక మీ ప్రశ్న. మీ పిల్ల ఎముకలు బలహీనమా? దానిని కొలిచి చెప్పవలసినవాడు వైద్యుడు. పరుగే తప్పా? కాదని ఈ చరిత్ర అంతా చెప్పుతున్నది. ఎదిగే వయస్సులో పరుగు, గెంతు ఎముకకు బలం. 1928లో ఒక్కరోజు చూచినదానినిబట్టి 32 ఏండ్లు స్త్రీలను బరినుండి వెలివేసినవారు పొరబడినారు. ఆ పొరబాటు మీ ఇంటిలో మళ్ళీ జరుగనీయకండి. ఎముక మానేవరకు ఆగనివ్వండి, కడుపునిండ తిననివ్వండి, తన అంగ తాను వేయనివ్వండి. ఆ తరువాత మళ్ళీ మైదానానికి పంపండి. పందెంనాడు ఫలితం ఏదైనను, మాకు మరొక ఉత్తరం వ్రాయండి.